వాకిలి పేరు మారినప్పుడు

2021 అక్టోబరు 4వ తేదీ రాత్రి, మన కాలమానం ప్రకారం తొమ్మిది గంటలు దాటిన కొద్ది నిమిషాలకు, దేశమంతటా వాట్సాప్ మూగవోయింది. ఫేస్‌బుక్ తెరుచుకోలేదు. ఇన్‌స్టాగ్రామ్ కదలలేదు. ఆ సంస్థ భవనాలకు నిప్పంటుకోలేదు, సముద్రగర్భంలో తీగలు తెగలేదు, యంత్రాలు చెడిపోలేదు. నిత్యం జరిగే నిర్వహణ పనిలో భాగంగా, తమ కేంద్రాలను కలిపే మార్గాల సామర్థ్యాన్ని అంచనా కట్టడానికి ఇచ్చిన ఒక ఆదేశం ఆ మార్గాలన్నింటినీ ఒక్కసారిగా మూసివేసింది. అటువంటి ఆదేశాలను ముందుగా పరీక్షించి ఆపవలసిన ప్రోగ్రాములోనే లోపం ఉండటం వల్ల అది అడ్డుపడలేదు. పేర్లకు చిరునామాలు చెప్పే సర్వర్లు, కేంద్రాలతో తమకు సంబంధం తెగిపోయిందని గ్రహించి, తమకు విధించిన నియమం ప్రకారం లోకానికి తమ ఉనికిని చాటుకోవడం మానివేశాయి. యంత్రాలు ఎక్కడివక్కడే ఉన్నవి. వాటి పేర్లు మాత్రం పటం మీద నుంచి చెరిగిపోయినవి. చక్కదిద్దవలసిన ఇంజనీర్లు దూరం నుంచి ఆ యంత్రాలను చేరే దారి కూడా అదే కావడం చేత, మనుషులను స్వయంగా ఆ భవనాలకు పంపవలసి వచ్చింది. అంతా కుదుటపడేసరికి ఆరు గంటలకు పైగా పట్టింది.

మహాసంస్థలో జరిగింది కనుక ఇది ప్రపంచ వార్త అయింది. ఇదే సంగతి చిన్న కొలతలో, ఒక బల్లమీది ఒకే ఒక కంప్యూటర్‌లో, ఎవరి దృష్టికీ రాకుండా ప్రతిదినం జరుగుతూనే ఉంటుంది. ముఖ్యంగా లినక్స్ వాడేవారికి ఇది పరిచితమైన బాధ. యంత్రం బాగుంటుంది, తీగ బాగుంటుంది, అవతలి రౌటర్ బాగుంటుంది. నెట్ మాత్రం రాదు. విచారించి చూస్తే, చాలా సందర్భాలలో, పేరుకూ వస్తువుకూ మధ్య ఉండవలసిన ముడి ఎక్కడో ఊడిపోయి ఉంటుంది.

లినక్స్‌ను 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఒకటి. దాని మూలం అందరికీ తెరిచి ఉంచినది; ఎవరైనా చదువవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. ఈనాడు లోకంలోని సర్వర్లలో అత్యధిక భాగం, ఆండ్రాయిడ్ ఫోనులన్నీ, కేరళ ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్లు దాని మీదనే నడుస్తున్నవి. మూలం తెరిచి ఉండటంలో ఒక లాభమూ ఒక బరువూ ఉన్నవి. ఏ అమరిక ఎక్కడ ఉన్నదో మామూలు అక్షరాలలో ఫైళ్ళలో కనిపిస్తుంది. అయితే వాటిని చదివే పని కూడా వాడేవారి మీదనే పడుతుంది.

కంప్యూటర్‌కూ బయటి తీగకూ నడుమ ఉండే గడపను ఇంటర్‌ఫేస్ అంటారు. దానిలో రెండు అంశాలు కలిసి ఉంటాయి. ఒకటి కార్డు, అది చేతితో పట్టుకోగలిగిన వస్తువు. రెండవది ఆ కార్డుకు వ్యవస్థ పెట్టిన పేరు. అమరికలన్నీ పేరుమీదనే వ్రాసి ఉంటాయి గాని వస్తువుమీద కాదు. చాలా ఏళ్ళపాటు ఆ పేరు ఈత్0. తీగకు తగిలించే మొదటి కార్డు అని దాని అర్థం. లెక్క సున్నతో మొదలవుతుంది. రెండవది ఉంటే ఈత్1.

ఆ ఈత్ అనే మాటకు ఒక చిన్న చరిత్ర ఉన్నది. 1973 మే 22న కాలిఫోర్నియాలోని జెరాక్స్ పరిశోధనాలయంలో రాబర్ట్ మెట్‌కాఫ్ తమ కంప్యూటర్లను ఒకే తీగమీద కలిపే పద్ధతిని వివరిస్తూ ఒక పత్రం వ్రాశారు. ఆ పద్ధతికి ఈథర్‌నెట్ అని పేరు పెట్టారు. కాంతి ప్రయాణించడానికి ఆధారమని పందొమ్మిదవ శతాబ్దపు భౌతిక శాస్త్రజ్ఞులు ఊహించిన పదార్థం ఈథర్. దాని జాడ కోసం 1887లో మైకెల్సన్, మార్లీ జరిపిన ప్రయోగంలో ఏ జాడా కనిపించలేదు. ఆ విధంగా వస్తువు లేకుండా మిగిలిపోయిన పేరుకు, ఎనభై ఆరేళ్ళ తరువాత, ఒక రాగితీగ దొరికింది.

ఒకే కార్డు ఉన్నంతకాలం ఈత్0తో ఎవరికీ పేచీ రాలేదు. రెండు కార్డులున్న యంత్రాలతో చిక్కు మొదలయింది. అటువంటి యంత్రంలో ఒక వాకిలి బయటి లోకానికి, మరొకటి లోపలి కార్యాలయానికి తెరుచుకుంటుంది. బయటి వాకిలికి కట్టుదిట్టమైన కాపలా ఉంటుంది, లోపలిదానికి ఉండదు. కార్డులను కెర్నెల్ ఏ వరుసలో కనిపెట్టితే ఆ వరుసలో సున్న, ఒకటి అని పేర్లు పెట్టేది. యంత్రాన్ని ఆర్పి వెలిగించినప్పుడు ఆ వరుస తారుమారు కావచ్చు. అప్పుడు వీథి తలుపుకు వేయవలసిన తాళం పెరటి తలుపుకు పడుతుంది, వీథి తలుపు బార్లా తెరుచుకుంటుంది. నెట్ రాకపోవడం కంటె ఇది ప్రమాదకరం, ఎందుకంటే పైకి అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపించవచ్చు.

దీనికి మొదట కనిపెట్టిన విరుగుడు, ప్రతి కార్డుకూ కర్మాగారంలోనే ఇచ్చే 48 బిట్ల సంఖ్యను దాని పేరుతో జతపరచి ఒక ఫైలులో వ్రాసి ఉంచడం. ఈ సంఖ్య గల కార్డు ఎప్పటికీ ఈత్0 అన్నమాట. విరుగుడు బాగానే పనిచేసింది గాని మరో రోగాన్ని తెచ్చిపెట్టింది. పిడుగుపాటుకు కార్డు మాడిపోయి, దాని స్థానంలో కొత్తది పెట్టారనుకుందాం. ఫైలులో ఈత్0 అనే పేరు పాత కార్డు పేరనే ఉన్నది. చనిపోయినవారి పేర్లు ఓటర్ల జాబితాలో మిగిలిపోయినట్లు, ఆ పేరు ఆ కార్డుకే అట్టిపెట్టి, కొత్తదానికి వ్యవస్థ ఈత్1 అని పేరు పెడుతుంది. అమరికలన్నీ ఈత్0కు వ్రాసినవి. కార్డు కొత్తది, తీగ కొత్తది, దీపం వెలుగుతున్నది, నెట్ లేదు. కొత్త కార్డును కూడా చెడిపోయినదిగా భావించి దుకాణానికి తిప్పి పంపినవారు తక్కువమంది కారు.

2013 జనవరిలో సిస్టమ్‌డీ అనే ప్రధాన ప్రోగ్రాము 197వ రూపంలో కొత్త పద్ధతి వచ్చింది. కార్డు ఎప్పుడు కనిపించిందన్నది గాక, ఎక్కడ కూర్చున్నదన్నది చూసి పేరు పెట్టడం ఈ పద్ధతి. ఈఎన్‌పీ3ఎస్0 అంటే, ఈథర్‌నెట్ జాతి, మూడవ మార్గం, సున్నవ స్థానం. వైఫై కార్డయితే పేరు డబ్ల్యూఎల్ అని మొదలవుతుంది. రెడ్ హ్యాట్ సంస్థ 2014లో వెలువరించిన ఏడవ రూపంలో, డెబియన్ 2017లో వెలువరించిన తొమ్మిదవ రూపంలో ఈ పేర్లు ప్రవేశించినవి. పాత పుస్తకం ముందు పెట్టుకొని ఈత్0కు అమరికలు వ్రాసినవారికి ‘క్యానాట్ ఫైండ్ డివైస్’ అనే సమాధానం ఎదురవుతూ వచ్చింది. ఆ పరికరం దొరకలేదని దాని భావం. పరికరం ఎదురుగానే ఉన్నది, దొరకనిది పేరు.

ఊహింపదగిన పేర్లు అని ఈ పద్ధతికి పేరు. పేరులో కొంత అతిశయోక్తి లేకపోలేదు. వీథి మొదట్లో కొత్త ఇల్లు కట్టినప్పుడు మునిసిపాలిటీ వారు ఇంటి నెంబర్లన్నీ మళ్ళీ వేసినట్లు, యంత్రంలో మరొక పరికరం చేర్చినప్పుడు మార్గాల సంఖ్యలు జరగవచ్చు. ఒకరు తమ కంప్యూటర్‌కు బొమ్మల కోసం కొత్త గ్రాఫిక్స్ కార్డు కొని తగిలిస్తారు. వెలిగించగానే నెట్ ఉండదు. కొత్త కార్డును తీసివేస్తే నెట్ తిరిగి వస్తుంది. మళ్ళీ పెడితే మళ్ళీ పోతుంది. ఇంతకంటె రుజువేమి కావాలి? నేరం గ్రాఫిక్స్ కార్డుదేనని తీర్పు చెప్పివేస్తారు. అసలు జరిగినది ఏమంటే, కొత్త కార్డు రాకతో ఈఎన్‌పీ3ఎస్0 కాస్తా ఈఎన్‌పీ4ఎస్0 అయింది. అమరికల ఫైలులో మాత్రం మూడే ఉన్నది. తీసివేసినప్పుడు పాత పేరు తిరిగి వచ్చింది. ప్రయోగం నిజమే, ఫలితం నిజమే, తీర్మానం ఒక్కటే తప్పు. ఒక్క అంకె దిద్దితే సరిపోయే పనికి వ్యవస్థనంతటినీ తుడిచి మళ్ళీ స్థాపించినవారు ఉన్నారు.

కాబట్టి వెదకటం చేరువ నుంచి మొదలుపెట్టాలి. బయట సర్వీసు ఇచ్చే కంపెనీని తిట్టుకోవడం ఆఖరు మజిలీ. ‘ఐపీ లింక్’ అనే ఆదేశం యంత్రంలో నిజంగా ఉన్న వాకిళ్ళ పేర్లను చూపుతుంది. ఆ పేరునూ అమరికల ఫైలులోని పేరునూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చడం ఒక నిమిషం పని. అక్కడే ‘నో క్యారియర్’ అని కనిపిస్తే అవతలి నుంచి సంకేతం రావడం లేదని, తీగనో స్విచ్చినో చూడమని అర్థం. తరువాత ‘ఐపీ యాడర్’: వాకిలికి చిరునామా ఉన్నదా? చిరునామా లేకపోతే దానిని పంచిపెట్టే రౌటర్ జవాబు ఇవ్వలేదన్నమాట. పిమ్మట ‘ఐపీ రూట్’: ఊరు దాటే దారి ఏ వాకిలి గుండా పోతున్నది? ‘డిఫాల్ట్ వయా’ అని మొదలయ్యే వరుస అక్కడ లేకపోతే ఇంట్లో తిరగవచ్చు గాని గడప దాటడం కుదరదు. పాతవారు వీటన్నింటికీ బదులు వాడిన ‘ఇఫ్‌కాన్ఫిగ్’ 1983 నాటి బర్క్‌లీ యూనిక్స్ నుంచి వచ్చినది. డెబియన్ తొమ్మిదవ రూపం నుంచి అది తనంతట తాను రాదు, కావాలంటే విడిగా తెచ్చుకోవాలి.

యంత్రం ఇచ్చే సందేశాలను చదవడం విడిగా చెప్పుకోవలసిన విద్య. చాలామంది వాటిని చూస్తారు గాని చదవరు. ఎర్రదీపంలాగా భావించి ఆగిపోతారు. నిజానికి ప్రతి సందేశమూ తప్పు ఎంత దూరంలో ఉన్నదో చెబుతుంది. ‘నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్’ అంటే ఉత్తరం ఇల్లే కదలలేదని, ఏ దారిన పంపాలో యంత్రానికే తెలియదని. ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ అని తన సొంత చిరునామా నుంచే వస్తే, వీథిలోకి వెళ్ళి కేకవేసినా ఆ ఇంటివారు పలకలేదని. ‘టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్’ అంటే దారి బాగానే ఉండవచ్చు, పేరును చిరునామాగా మార్చి చెప్పేవారు దొరకలేదని. ఇందులో టెంపరరీ అనే మాటను మాత్రం నమ్మరాదు. తాత్కాలికమన్న ఆ వైఫల్యం, ఎవరూ చేయి పెట్టకపోతే, నెలల తరబడి తాత్కాలికంగానే ఉండగలదు. ఇక ఏ సందేశమూ లేని మౌనం ఉన్నది. అవతలి యంత్రం చచ్చిందనడానికి అది రుజువు కాదు. పలకవద్దని దాని కావలివానికి ఉత్తరువు ఉండవచ్చు.

పేర్లను చిరునామాలుగా మార్చే ఏర్పాటు మొదట్లో ఎంతో సులువుగా ఉండేది. అమెరికాలోని మెన్లో పార్క్‌లో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ వద్ద, ఎలిజబెత్ ఫీన్లర్ నాయకత్వంలో, నెట్‌వర్క్‌లోని యంత్రాలన్నింటి పేర్లు, సంఖ్యలు ఒకే జాబితాలో వ్రాసి ఉంచేవారు. దానికి ప్రతిని అందరూ తెచ్చుకునేవారు. యంత్రాలు పెరిగి జాబితా మోయరానిదైనప్పుడు, 1983లో పాల్ మొకపెట్రిస్ పేర్ల బాధ్యతను అంచెలంచెలుగా పంచే పద్ధతిని రూపొందించారు. ఆ పాత జాబితా వారసుడు ‘హోస్ట్స్’ అనే ఫైలుగా ప్రతి లినక్స్ యంత్రంలోను నేటికీ ఉన్నది. కొత్త పద్ధతిలో ఎవరిని అడగాలో ‘రిజాల్వ్ డాట్ కాన్ఫ్’ అనే మరో ఫైలులో ఉంటుంది. ఇక్కడ మొదటిసారి వచ్చినవారందరూ మోసపోతారు. చేతితో దిద్దుతారు, నెట్ వస్తుంది, సంతోషిస్తారు. మరునాడు వెలిగించేసరికి దిద్దినదంతా మాయమై ఉంటుంది. ఆ ఫైలును వేరొక ప్రోగ్రాము ఎప్పటికప్పుడు తిరిగి వ్రాస్తూ ఉండటమే కారణం. దిద్దవద్దని సాధారణంగా ఆ ఫైలు మొదటి వరుసలలోనే వ్రాసి ఉంటుంది.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. అయినా లినక్స్‌లో ఒక్క వాకిలి మీద పెత్తనానికి ముగ్గురు నలుగురు పోటీపడతారు: డెబియన్ వారి పాత ‘ఇంటర్‌ఫేసెస్’ ఫైలు, 2004లో రెడ్ హ్యాట్ తెచ్చిన నెట్‌వర్క్ మేనేజర్, సిస్టమ్‌డీ వారి నెట్‌వర్క్‌డీ, ఉబుంటు 2017 నుంచి వాడుతున్న నెట్‌ప్లాన్. ఒకరు ఇచ్చిన చిరునామాను మరొకరు తీసివేస్తే, కొద్ది నిమిషాలు వచ్చి మళ్ళీ పోయే నెట్ కనిపిస్తుంది. ఒకరిని ఉంచి తక్కినవారిని సాగనంపాలి.

వైఫై సంగతి వేరు. అక్కడ పేరు తప్పటం కాదు, అసలు పేరే పుట్టకపోవటం ఉంటుంది. ల్యాప్‌టాప్‌లలోని చాలా వైఫై కార్డులు తమంత తాము పనిచేయవు; వెలిగించిన ప్రతిసారీ తయారీదారు ఇచ్చిన ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రామును వాటిలోకి ఎక్కించాలి. ఆ ప్రోగ్రాముల మూలాన్ని కంపెనీలు సాధారణంగా బయటపెట్టవు. మూలం తెరిచి లేనిదానిని తమ అధికారిక స్థాపన డిస్కులో చేర్చమని డెబియన్ వారు చిరకాలం పట్టుబట్టారు. దాని ఫలితం పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళి అయితేగాని పిచ్చి కుదరదు అన్న సామెతకు ఉదాహరణ. వైఫై పనిచేయాలంటే ఫర్మ్‌వేర్ కావాలి. ఫర్మ్‌వేర్ తెచ్చుకోవాలంటే వైఫై కావాలి. ఫర్మ్‌వేర్ కలిపిన డిస్కు ఒకటి అనధికారికంగా ఉండేది గాని, అది ఎక్కడున్నదో తెలిసినవారికే దొరికేది. 2022లో డెబియన్ సభ్యులు ఈ విషయమై వోటు వేసి, ఫర్మ్‌వేర్‌ను అధికారిక డిస్కులోనే చేర్చాలని నిర్ణయించారు. 2023 జూన్‌లో వెలువడిన పన్నెండవ రూపం నుంచి అది అమలులోకి వచ్చింది. సిద్ధాంతవాదులకు ఇది లొంగుబాటుగా తోచింది. అయినా ఊరి నడుమ దుకాణం లేని చోట, ఒకే ఒక ల్యాప్‌టాప్‌తో కూర్చున్న విద్యార్థి పక్షం నుంచి చూస్తే, నిర్ణయం న్యాయమైనదే.

ఇంతవరకు చెప్పినదంతా యంత్రం ఎదుట కూర్చున్నవారికి. వందల మైళ్ళ దూరంలోని యంత్రాన్ని నెట్ గుండానే చక్కదిద్దేవారి పరిస్థితి, కూర్చున్న కొమ్మను మొదలంటా నరుకుతున్న నాటి కాళిదాసు పరిస్థితి. చిరునామాలో ఒక్క అంకె తప్పు పడితే యంత్రం చేయి జారిపోతుంది. తప్పు దిద్దే దారి కూడా దానితోనే పోతుంది. నెట్‌ప్లాన్‌లో దీనికి చక్కని ఏర్పాటు ఉన్నది. ‘నెట్‌ప్లాన్ ట్రై’ అని ఆదేశిస్తే కొత్త అమరికను అమలు జరిపి, 120 సెకండ్లపాటు వేచి చూస్తుంది. బాగున్నదని మనిషి మీట నొక్కితే ఉంచుతుంది. కొమ్మ తెగి మనిషి పడిపోయి ఉంటే నొక్కేవారు ఉండరు కనుక పాత అమరికను తానే తిరిగి తెస్తుంది. ఆ రెండు నిమిషాలు ఆగని తొందరవల్ల అర్ధరాత్రి కారు ప్రయాణాలు చేసినవారు అనేకులు.

ఈ పరిశోధనలన్నింటిలో అందరి చేతిలోను ఉండే పనిముట్టు పింగ్. అవతలి యంత్రానికి ఒక చిన్న సందేశం పంపి, ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చెప్పటం తప్ప అది మరేమీ చేయదు. పేరుతో పింగ్ చేస్తే జవాబు రాక, అంకెలతో చేస్తే వచ్చినదంటే తప్పు పేర్ల దగ్గర ఉన్నదని వెంటనే తేలిపోతుంది. దానిని 1983 డిసెంబరులో మైక్ మూస్ వ్రాశారు. మేరీలాండ్ రాష్ట్రంలోని అబర్డీన్‌లో సైనిక పరిశోధనాలయంలో ఆయన పనిచేసేవారు. నెట్‌వర్క్ వింతగా ప్రవర్తిస్తుండగా, కారణం కనిపెట్టడానికి ఆ రాత్రికి రాత్రే సుమారు వేయి వరుసల ప్రోగ్రాము తయారుచేశారు. జలాంతర్గాములను శబ్ద ప్రతిధ్వనితో పసిగట్టే సోనార్ ధ్వనిని బట్టి పేరు పెట్టారు. తీరా తొలి సందేశం పంపబోయేసరికి, సహోద్యోగి ఒకరు పరికరంలోని లోపాన్ని కనిపెట్టి సరిచేసివేశారు. ఏ తప్పు కోసం పుట్టినదో ఆ తప్పును పింగ్ చూడనే లేదు. అయినా మూలంతో సహా బర్క్‌లీ యూనిక్స్‌లో చేరి లోకమంతా వ్యాపించింది. ఈనాటి లినక్స్‌లోని పింగ్ దాని సంతతే. మూస్ 2000 నవంబరులో కారు ప్రమాదంలో మరణించారు.

పింగ్‌ను గురించి తాము విన్న కథలన్నింటిలో మేలైనదని మూస్ ఒకటి చెప్పేవారు. ఒక కార్యాలయంలో నెట్ వచ్చీ పోతూ ఉండేది. తీగల కీళ్ళలో ఎక్కడో వదులున్నదని తెలుసు, ఎక్కడన్నది తెలియదు. అక్కడి నిర్వాహకుడు పింగ్‌ను మాటలు పలికే ప్రోగ్రాముకు కలిపి, దాని ధ్వనిని తన గదిలోని స్టీరియోకు తగిలించి, చెవులు భరించగలిగినంత పెద్దగా పెట్టాడు. జవాబు వచ్చినప్పుడల్లా, సెకండుకొకసారి, పింగ్, పింగ్ అని యంత్రం అరుస్తూ ఉన్నది. ఆయన భవనమంతా తిరుగుతూ ఒక్కొక్క కీలునూ పట్టుకొని కదిపి చూశాడు. ఒక కీలు దగ్గర కదపగానే అరుపు ఆగిపోయింది.